ఒక నంబరు పెద్ద బూటు

మా మండలంలో డిప్లొమాలు చదువుతున్న పిల్లలు కొందరు మొన్న ఇంటికొచ్చి, "తాతా, నీ దుబాయి డ్యూటీ సంగతి ఒక్కటి రాసియ్యరాదు, మేం చదువుకుంటం" అన్నారు. మా దిక్కు ఏ గల్ఫ్ దేశమైనా దుబాయే. వాళ్ళు ఏం ఆశించారో నాకు తెలుసు. ఎండ, క్యాంపు, పాస్‌పోర్టు కష్టాలు. అవన్నీ నేనూ పడ్డాను, కాదనను. కానీ కాగితం ముందు పెట్టుకుని కూర్చుంటే నాకు మొదట గుర్తొచ్చింది మంచు. నవ్వకండి, మంచే! బహ్రెయిన్‌లో, బయట కాసేపు నిలబడితే చెప్పు అడుగు మెత్తబడే ఎండల్లో, నేను పదకొండేళ్ళు స్వెట్టరు తొడుక్కుని డ్యూటీ చేశాను. ఆ పదకొండేళ్ళలో రెండు రోజులున్నాయి. ఒక బుధవారం, ఒక గురువారం. ఇవాళ తలుచుకున్నా కూర్చున్నచోట కూర్చోలేను. అవే రాస్తాను.

దానికి ముందు సిత్రా సంగతి చెప్పాలి, ఎందుకంటే నా తప్పు పుట్టింది అక్కడే.

సిత్రాలో నూనె ట్యాంకుల పక్కన కాంట్రాక్టరు క్యాంపులో తొమ్మిదేళ్ళున్నాను. మొదట్లో పైపులు మోశాను. తర్వాత నాకు నాలుగు అక్షరాలు వచ్చని స్టోరులో కూర్చోబెట్టారు. కిటికీ వెనక నిలబడి హెల్మెట్లు, చేతి తొడుగులు, సేఫ్టీ బూట్లు ఇవ్వడం నా పని. అక్కడ ఒక రివాజు ఉండేది. ఎవడూ తన నంబరు బూటు అడగడు, ఒక నంబరు పెద్దది అడుగుతాడు. ఆ ఎండకు మధ్యాహ్నానికల్లా పాదాలు పొంగుతాయి. బూటు ముందున్న ఇనుప రేకు వేళ్ళను నలిపేస్తుంది. ఒక నంబరు పెద్దదైతే రెండు జతల సాక్సులు తొడుక్కోవచ్చు. సెలవు మీద ఇంటికి పోయేటప్పుడు ఆ జత తమ్ముడికో బామ్మర్దికో ఇచ్చినా పడుతుంది. కొత్తగా దిగినవాడు తెలియక ఎనిమిది అడిగితే, "తొమ్మిది తీస్కో బిడ్డా, మూడొద్దులైనంక నన్నే తల్సుకుంటవ్" అని నేనే చేతిలో పెట్టేవాణ్ణి. మూడో రోజు వాడు వచ్చి చేతులు పట్టుకునేవాడు. బూట్ల విషయంలో నన్ను మించినవాడు లేడని నాకు అప్పుడే గట్టిగా నాటుకుంది.

మా కఫీల్‌కు, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమానికి, ఊళ్ళో ఒక ఐస్ రింకు కూడా ఉండేది. పెద్ద షెడ్డు, లోపల నేలంతా గడ్డకట్టిన మంచు. దాని మీద పిల్లలు, పెద్దలు స్కేట్లు కట్టుకుని జారుతారు. స్కేటు అంటే మరేం కాదు, అడుగున ఉక్కు పట్టీ బిగించిన గట్టి బూటు. సాయంత్రాలు ఐస్ హాకీ ఆడేవాళ్ళు. రెండు జట్లు వంకర కర్రలతో నల్లటి రబ్బరు బిళ్ళను తరుముతూ ఎదుటివాళ్ళ వలలోకి కొట్టాలి. మొదటిసారి చూసినప్పుడు వీళ్ళకేమన్నా పిచ్చా అనుకున్నాను. నెల తిరిగేసరికి ఆ పిచ్చి నాకే పట్టింది. స్టోరు తెలిసినవాడు కావాలంటే నన్ను అక్కడికి మార్చారు.

అక్కడ నాకంటే ముందునుంచి ఉన్నది ఒక గోదావరి అన్న. మహూజ్‌లో ఉండేవాడు. శుక్రవారం శుక్రవారం తెలుగు క్రైస్తవుల సహవాసంలో పాటలు పాడించేవాడు. రింకులో ఆయన పని స్కేట్ల ఉక్కుకు సాన పట్టడం. మనుషులకే కాదు, సాన మిషనుకు కూడా 'అండి' పెట్టి మాట్లాడేవాడు. అది మొరాయిస్తే, "కాస్త తిరగండి తల్లీ, మీకు పుణ్యముంటుంది" అని బతిమాలేవాడు. నన్ను మాత్రం నువ్వు అనేవాడు. నేను 'గట్లనా' అంటే ఆయన నవ్వేవాడు, ఆయన 'ఆయ్' అంటే నేను నవ్వేవాణ్ణి. ఇద్దరం పని పంచుకున్నాం. ఉక్కు ఆయనది, బూటు నాది. ఎవరి కాలికి ఏ జత పడుతుందో చూసి ఇవ్వడం, జట్టువాళ్ళ స్కేట్లు బాగున్నాయో లేదో పరీక్షించి కార్డు మీద రాయడం నా డ్యూటీ.

గోడ మీద ఒక చార్టు ఉండేది. మామూలు బూటు నంబరు కంటే స్కేటు ఒకటిన్నర నంబరు చిన్నది ఇవ్వాలని అందులో ఉంది. నేను చూశాను, నవ్వుకున్నాను. ఇది చలిదేశం వాళ్ళు రాసిన చార్టు, మన ఎండకు పొంగిన కాళ్ళు వాళ్ళేం చూశారు అనుకుని, ఒకటిన్నర బదులు అర మాత్రమే తగ్గించడం మొదలుపెట్టాను. అంటే లెక్కకు మళ్ళీ ఒక నంబరు పెద్దదే. సిత్రా రివాజు మంచు మీదికొచ్చింది.

చిత్రమేమిటంటే, అందరూ మెచ్చుకున్నారు. గంటసేపు గోడ పట్టుకుని నడిచిపోయేవాళ్ళకు బూటు వదులైతే ఏం, బిగుతైతే ఏం? "నొప్పి పెట్టని స్కేట్లు కావాలా, ఆ హిందీ అంకుల్ దగ్గరికి పో" అని చెప్పుకునేవాళ్ళు. అక్కడ హిందీ అంటే ఇండియావాడు. నేను కాలరెగరేసుకుని తిరిగాను.

ఆ ఏడు గోదావరి అన్న కంటి ఆపరేషనుకని రెండు నెలలు ఊరికి పోయాడు. సరిగ్గా అప్పుడే ఆ అమ్మాయి వచ్చింది.

బహ్రెయినీ అమ్మాయి. ఒక బడిలో మూడో తరగతి పిల్లలకు పాఠాలు చెప్పేది. అమ్మాయిల హాకీ జట్టులో చేరి ఏడాదైంది. అప్పటిదాకా జట్టువాళ్ళ పాత స్కేట్లు అడిగి ఆడి, జీతంలో దాచుకుని సొంత జత కొనుక్కోవడానికి వచ్చింది. వెంట వాళ్ళ నాన్న. చేపల వేట మానేసి ఇంట్లో ఉంటున్న పెద్దమనిషి, సిత్రా ఊరివాడే. తెల్లటి అంగీ మీద లావుపాటి రగ్గు కప్పుకుని, ఫ్లాస్కు పట్టుకుని, మూడో వరుసలో కూర్చుని కూతురి ఆట చూసేవాడు. నేను ఆయన ఊళ్ళోనే తొమ్మిదేళ్ళున్నానని తెలిశాక నన్ను వదల్లేదు, రోజూ టీ పోసేవాడు. ఆ అమ్మాయి నన్ను 'అమ్మీ' అనేది. అంటే అరబ్బీలో చిన్నాయన. మొదటిసారి విన్నప్పుడు వెనక్కి తిరిగి ఎవరినబ్బా అని చూశాను.

ఆమె కాళ్ళు కొలిచాను. నా పద్ధతిలో అర తగ్గించాను. తొడుక్కుని లేచి నిలబడి, "అమ్మీ, చెప్పుల్లా ఉన్నాయి! ఎక్కడా నొక్కడం లేదు!" అని సంబరపడింది. నేను ఆమెకంటే ఎక్కువ సంబరపడ్డాను.

మూడు నెలలు గడిచాయి. పక్క దేశంలో అమ్మాయిల పోటీలున్నాయని కబురొచ్చింది. పదిహేను మందినే తీసుకుపోతారు. ఆడేవాళ్ళు పందొమ్మిది మంది. వాళ్ళ కోచ్ చలిదేశం నుంచి వచ్చిన మనిషి. తాటిచెట్టంత ఎత్తు. మాట తక్కువ, చేతిలో ఎప్పుడూ ఒక పెన్ను. ఒకరోజు ఆ అమ్మాయి స్కేట్లు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

"ఎడమవైపు తిరగలేకపోతోంది. పది నిమిషాలాడితే పాదం మొద్దుబారుతోందట. చూసి చెప్పు, బూటా? కాలా?"

నేను చూశాను. పరీక్ష అంతా పద్ధతిగానే చేశాను. ఉక్కు అంచుల మీద నాణెం అడ్డంగా పెట్టి రెండువైపులా సమంగా ఉందా అని చూశాను, ఉంది. గోటి మీద ఆనించి పదును చూశాను, గోరు పొట్టు లేచింది. మేకులు లాగి చూశాను, గట్టిగా ఉన్నాయి. చివర్న కార్డు మీద 'కొలత' అన్నచోట, ఆ అమ్మాయిని పిలవకుండానే, బూటులో కాలే లేకుండా, సరి అని టిక్కు పెట్టి సంతకం గీశాను. నేనిచ్చిన బూటు కదా, సరిగా లేకుండా ఎట్లుంటుంది?

"బూటు ఫస్ట్ క్లాస్ సార్!" అన్నాను.

"అయితే కాలే" అన్నాడు కోచ్. పెన్ను తీసి చిన్న పుస్తకంలో ఒక గీత గీశాడు. ఆ గీత ఏమిటో నేను అడగలేదు.

మంగళవారం సాయంత్రం ఆ పెద్దమనిషి టీ ఫ్లాస్కు లేకుండా నా కిటికీ దగ్గరికొచ్చాడు. మొహం వాడిపోయి ఉంది. వచ్చీరాని హిందీలో, "సదీక్, దోస్తూ, గురువారం లిస్టు పెడతారట. నా బిడ్డ పేరు లేదంటున్నారు. కాళ్ళు బలంగా లేవట. మూడు నెలలుగా పొద్దున్నే మా మేడ మెట్లు ముప్పైసార్లు ఎక్కి దిగుతోంది, కాళ్ళు బలపడాలని. నువ్వు రోజూ చూస్తావు కదా. నిజంగా నా బిడ్డ కాళ్ళు అంత బలహీనమా?" అని అడిగాడు.

రేపు చూసి చెప్తానని పంపాను. మెట్లు ముప్పైసార్లు ఎక్కే పిల్ల కాళ్ళు బలహీనమెట్లా అవుతాయి? తుబ్లీలో నా గదికి పోయినా అదే మాట చెవిలో తిరిగింది.

బుధవారం పొద్దున్నే, గురువారం లిస్టు పెట్టేముందు జట్టంతా ఆడే ఆటకు సాన పట్టాల్సిన స్కేట్లన్నీ మా గదికొచ్చాయి. వాటిలో ఆమె జత కూడా ఉంది. ఎడమ బూటు చేతిలోకి తీసుకున్నాను. ఈసారి ఉక్కు చూడలేదు. తాడు గుచ్చే రంధ్రాల వరసలు రెండూ ఒకదాన్నొకటి ముద్దు పెట్టుకునేంత దగ్గరగా ఉన్నాయి. అంటే ఎంత బిగించి కట్టుకుంటోందో! అంత బిగిస్తే పాదంలో నెత్తురాడుతుందా, మొద్దుబారదా? లోపలున్న మెత్తటి అట్ట లాగి బయటకు తీశాను. మూడు నెలల చెమటకు ఆ అట్ట మీద ఆమె పాదం అచ్చు పడి ఉంది, మడమ, అరికాలు, ఐదు వేళ్ళు. వేళ్ళ గుర్తుల ముందు ఇంకా నా బొటనవేలు వెడల్పున ఖాళీ. సిత్రాలో అయితే ఆ ఖాళీ చూసి భేష్ అనేవాణ్ణి. కుడి అట్ట తీశాను. అక్కడ ఖాళీ ఉంది కానీ ఇందులో సగమే. ఆమె ఎడమ పాదం కుడిదానికంటే ఒక పిసరు చిన్నదని నేను ఆనాడు చూడనే లేదు.

"అన్నా, జెర ఇటు రారాదు. ఇది సూడు."

గోదావరి అన్న మిషను ఆపి, కళ్ళద్దాలు నుదుటి మీదకు తోసుకుని వచ్చాడు. అట్ట చూశాడు. నా మొహం చూశాడు.

"ఇంత జాగా ఎట్లొచ్చిందంటవ్?"

"నువ్విచ్చావు కాబట్టి వచ్చిందయ్యా తమ్ముడూ."

"నీకు ముందుగాలనే తెల్సా?"

"సెలవు నించి వచ్చిన వారంలోనే చూశాను. ఆ పిల్ల నడుస్తుంటే మడమ లేస్తోంది. చెబుదామని రెండుసార్లు నీ దగ్గరికొచ్చాను. నా బూట్ల జోలికి రాకు, నీ ఉక్కు నువ్వు చూస్కో అన్నావు. గుర్తుందా? సరేలెమ్మని ఊరుకున్నాను. ఊరుకోవడం నా తప్పు. బూటు పాదాన్ని పట్టుకోవాలయ్యా, పాదం బూటులో ఈత కొట్టకూడదు. మనిషి ఎడమకు తిరుగుతుంటే ఉక్కు తర్వాతెప్పుడో తిరుగుతోంది."

"ఇప్పుడు కోచ్‌కు చెప్తే నౌకరి పోతదేమోనన్నా. కార్డు మీద దస్కత్ నాదే."

ఆయన మెత్తగా నవ్వాడు. "నా తప్పులు ఒప్పుకోడానికి నాకు శుక్రవారం ప్రార్థన దాకా టైముందండి బాబూ. నీకా వీలు లేదు. లిస్టు గురువారమే."

కోచ్ అప్పుడే మంచు మీద పిల్లలకు నేర్పించి, మంచు చుట్టూ ఉండే చెక్క గట్టు దగ్గరికొచ్చాడు. ఆగితే మళ్ళీ చెప్పలేనని తెలుసు. నాకొచ్చిన ముక్కల ఇంగ్లీషులో గబగబా చెప్పేశాను. బూటే సార్, కాలు కాదు. కొలత తప్పు, తప్పు నాదే. కాలు పెట్టి చూడకుండా సంతకం చేశాను.

ఆయన మొహంలో రంగు మారింది. "నీ కార్డు చూసే కదా ఆ అమ్మాయి పేరు కొట్టేశాను?"

"మళ్ళీ రాయండి సార్."

"ఒక్క నంబరు తేడాకు మనిషి అలా తడబడుతుందా? చిన్నప్పుడు నేను మా అన్న బూట్లతో ఆడాను." ఆయన గొంతులో నమ్మకం లేదు. "అయినా నువ్వెప్పుడైనా స్కేటు కట్టావా?"

లేదు. అప్పటికి ఎనిమిదేళ్ళుగా వేలమందికి స్కేట్లు తొడిగాను, నేను మాత్రం ఒక్కసారీ మంచు మీద కాలు పెట్టలేదు. తల కొట్టేసినట్టయింది. కానీ స్టోరు మనిషిని కదా, ఎవరిది ఏ నంబరో నాకు నోటికొచ్చు. పరుగెత్తుకెళ్ళి అద్దె బీరువాలోంచి ఒక ఎడమ బూటు తెచ్చి ఆయన ముందు పెట్టాను.

"మీది తొమ్మిది సార్. కుడికాలికి మీ బూటు ఉంచుకోండి. ఎడమకాలికి ఇది వేసుకోండి. ఇది పది. ఆమె తిరిగినట్టే తిరగండి."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. ఎక్కడ తిడతాడోనని నేను గట్టు పట్టుకుని నిలబడ్డాను. ఆయన కూర్చుని కట్టుకున్నాడు. మంచు మీదికి దిగి కుడివైపు ఒక చుట్టు చుట్టాడు, గద్దలా. ఎడమవైపు తిరిగాడు. సగం చుట్టులో ఎడమ పాదం లోపల ఎక్కడో జారింది. భుజం ముందుకు పోయింది, బూటు వెనకే ఉండిపోయింది. చెయ్యి గాల్లో వెతుక్కుంది. మళ్ళీ వచ్చి తాడు బిగించి కట్టుకున్నాడు, ఆ అమ్మాయి కట్టుకున్నట్టే. మళ్ళీ తిరిగాడు. మూడో చుట్టులో అంత మనిషీ మంచు మీద చతికిలబడ్డాడు!

నా పక్కన గోదావరి అన్న, "స్తోత్రం" అన్నాడు, చాలా చిన్నగా.

కోచ్ లేచి మంచు దులుపుకుంటూ వచ్చాడు. ఆ బూటు విప్పి నా చేతిలో పెట్టాడు. "బూటే" అన్నాడు. తర్వాత జేబు తట్టి, "రేపు సాయంత్రం దాకా ఈ పెన్ను ఇందులోనే ఉంటుంది. నీకు ఒక్క రోజు" అన్నాడు.

నౌకరి మాట ఎత్తలేదు. నేనూ అడగలేదు.

బడి వదలగానే నాన్నను తీసుకుని ఆ అమ్మాయి వచ్చింది. జరిగినదంతా చెప్పాను. ఆమె మొదట నమ్మలేదు. తర్వాత కళ్ళనిండా నీళ్ళు, ఆ వెనకే కోపం. "మూడు నెలలు, అమ్మీ! మూడు నెలలు నా కాళ్ళను నేనే తిట్టుకున్నాను!" అంది. నేను తల దించుకున్నాను. పెళ్ళాం పిల్లల ముందు కూడా నేనంత సిగ్గుపడిన రోజు లేదు. ఆ పెద్దమనిషి మాత్రం కూతురి భుజం మీద చెయ్యేసి, "చూశావా, నీ కాళ్ళు మంచివే" అన్నాడు, అదొక్కటే ఆయనకు కావలసిన కబురన్నట్టు.

ఆమె కళ్ళు తుడుచుకుంది. "సరే. ఇప్పుడేం చేద్దాం?"

ఈసారి నేను గర్వం కాదు, చార్టు నమ్ముకున్నాను. చల్లటి లోపలి గదిలో ఆమెను అరగంట కూర్చోబెట్టి, పాదాలు మామూలుగా అయ్యాక, రెండు కాళ్ళూ విడివిడిగా ఇనుప కొలత పలక మీద పెట్టించాను. ఒకటిన్నర తగ్గించాను. ఆ నంబరులో, మడమ దగ్గర సన్నగా ఉండేది, ఒక్క జత ఉంది. అద్దాల అల్మారాలో షోకు పెట్టింది. దుమ్ము తుడిచి తెచ్చాను. ఆమె కాలు దూర్చి కెవ్వుమంది.

"వేళ్ళు ముందు తగులుతున్నాయి! ఇది చిన్నపిల్లలది!"

"తగలాలె బేటీ. లేచి నిలబడు. ఇగ మోకాళ్ళు వంచు, ఆటల వంచినట్టు."

వంచింది. ఆగింది. మొహం మారింది. "వెనక్కి వచ్చాయి... వేళ్ళు వెనక్కి వచ్చాయి."

"మడమ లేపి సూడు."

లేపబోయింది. బూటుతో సహా లేచింది, మడమ లోపల కదల్లేదు.

ఇక పొయ్యి. మా దగ్గర స్కేట్లు వేడిచేసే చిన్న పొయ్యి ఉండేది, రొట్టెల పొయ్యిలాంటిదే. బూటును అందులో కొన్ని నిమిషాలుంచితే మెత్తబడుతుంది. వేడివేడిగా తొడిగి కదలకుండా కూర్చుంటే ఆ పాదానికి తగ్గట్టు అచ్చు తీసుకుంటుంది. తాడు లాగడంలో కిటుకుంది. పైకి లాగితే మెత్తబడిన రంధ్రాలు ఊడొస్తాయి, పక్కలకు లాగాలి. అప్పుడు లేచి నిలబడకూడదు. ఆ తర్వాత ఒక పూర్తి రోజు మంచు మీద వాడకూడదు. గడియారం చూశాను. బుధవారం మూడు. గురువారం ఆట ఐదుకు. సరిపోతుంది! నేను ఒక్కో రంధ్రం దగ్గరా పక్కకు లాగుతూ కట్టాను. గోదావరి అన్న ఆమెకు కబుర్లు చెబుతూ కదలకుండా కూర్చోబెట్టాడు. తండ్రి మా ఇద్దరికీ టీ పోశాడు, ఆ రోజు ఫ్లాస్కు తెచ్చాడు. తర్వాత అన్న ఆ ఉక్కుకు సాన పట్టాడు. మిషనును ఎంత బతిమాలాడో చెప్పలేను. నాణెం పెట్టి ఆయనొకసారి చూశాడు, నేనొకసారి చూశాను, మళ్ళీ ఆయన చూశాడు.

గురువారం ఐదుకు కౌంటరు మూసి గట్టు దగ్గరికి పరుగెత్తాను. మేనేజరు చూస్తే చూడనీ అనుకున్నాను. పందొమ్మిది మందీ మంచు మీదికి దిగారు. కోచ్ ఈల వేశాడు. ఎర్రగీత దాకా దూకుడుగా వచ్చి ఎడమకు తిరగాలి. ఆమె వంతు వచ్చింది. వచ్చింది, తిరిగింది, దభీమని పడింది.

నా ప్రాణం పోయినంత పనైంది. కోచ్ ఆమెను చూడలేదు, నేరుగా నన్ను చూశాడు. నేను గోదావరి అన్న మోచేయి గట్టిగా పట్టుకున్నాను.

"కంగారు పడకయ్యా" అన్నాడు అన్న. "ఇన్నాళ్ళూ వదులు బూటును తిప్పడానికి ఒంటినంతా విసిరేది. అదే అలవాటుతో విసిరింది. ఇప్పుడు బూటు వెంటనే తిరిగింది. బూటును నమ్మలేదింకా. రెండుసార్లు తిరగనీ."

రెండోసారి వణికింది, పడలేదు. మూడోసారి... అబ్బ, ఆ మూడోసారి! నేను మాటల్లో పెట్టలేను. నడుము వంచి, ఎడమ అంచు మీద మొత్తం బరువు వేసి, అరచేతి వెడల్పు చోటులో తిరిగినట్టు తిరిగింది. కొత్త గుడ్డ చింపినప్పుడు వచ్చే చప్పుడు వచ్చింది, మంచుపొడి నా మొహం మీద పడింది. "విన్నావా? అంచు పట్టింది!" అని అన్న అరిచాడు, ఆయన అరవగా నేను విన్నది అదే మొదలు. ఆట మొదలయ్యాక ఆమె ఎడమవైపునుంచే రెండుసార్లు బిళ్ళ లాక్కుంది. పది నిమిషాలయింది, ఇరవై అయింది, పాదం పట్టుకుని బెంచీకి రాలేదు. మూడో వరుసలో ఆ పెద్దమనిషి నిలబడి ఉన్నాడు, రగ్గు ఎప్పుడు జారిపోయిందో ఆయనకు తెలియదు. నేను తెలుగులో అరుస్తున్నాను, "పోనియ్ బిడ్డా, పోనియ్!" అని. రింకులో ఒక్కరికీ అర్థం కాకపోయినా అందరూ నాతో కలిసి అరిచారు.

ఆట అయ్యాక కోచ్ జేబులోంచి పెన్ను తీశాడు. గట్టు మీదే కాగితం పెట్టుకుని రాసి, బట్టలు మార్చుకునే గది తలుపుకు అతికించాడు. పదిహేను పేర్లు. ఆమెది ఆరోది. తండ్రి వేలు పెట్టి మూడుసార్లు చదువుకున్నాడు. తర్వాత నా రెండు చెంపలూ పట్టుకుని నుదుటి మీద ముద్దు పెట్టాడు. నాకు ఏడుపొచ్చింది. తప్పు చేసినవాడికి ఆ ముద్దు దక్కకూడదు, కానీ దక్కింది.

పిల్లలూ, ఇక్కడితో ఆపేస్తే నేను మంచివాడిగా మిగులుతాను. కానీ అసలు ముచ్చట తర్వాత జరిగింది.

ఆ అమ్మాయి ఇనుప కొలత పలక పట్టుకుని వచ్చి నా ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "అమ్మీ, బూటు విప్పు."

"నాకెందుకు బేటీ? నాది తొమ్మిది. ఎప్పటినుంచో తొమ్మిదే."

"కాలు పెట్టు."

పెట్టాను. ఆమె చూసింది, గోదావరి అన్నను చూడమంది. ఆయన వంగి చూసి ముక్కు మీద వేలేసుకున్నాడు. ఎనిమిది. ఎనిమిదికి ఒక వెంట్రుకవాసి తక్కువే కానీ ఎక్కువ కాదు. సిత్రాలో దిగిన మొదటి వారం ఎవడో 'ఒక నంబరు పెద్దది తీస్కో' అంటే తీసుకున్నవాణ్ణి, అదే నా నంబరనుకుని అన్నేళ్ళూ నడిచాను. ముందు కాగితం ముక్కలు కుక్కుకుని మరీ నడిచాను!

ఆమె అద్దె బీరువా తీసి, చార్టు చూసి, ఒకటిన్నర తగ్గించి, ఆరున్నర జత తెచ్చింది. వద్దన్నా వినలేదు. తనే తాడు కట్టింది. వేళ్ళు ముందు తగిలాయి. మోకాళ్ళు వంచాను, వెనక్కి వచ్చాయి. మడమ లేపి చూశాను, కదల్లేదు. నా పాదాన్ని ఒక బూటు అట్లా పట్టుకోవడం నేనెప్పుడూ ఎరగను.

ఎనిమిదేళ్ళ తర్వాత మొదటిసారి మంచు మీద కాలు పెట్టాను. ఒక చెయ్యి గట్టు మీద, ఒక చెయ్యి ఆ అమ్మాయి చేతిలో. జట్టంతా చుట్టూ చేరి చప్పట్లు కొడుతోంది. ఒక అడుగు, రెండు అడుగులు, మూడు. ఉషారెక్కి గట్టు వదిలేశాను. నాలుగో అడుగుకు రెండు కాళ్ళూ గాల్లోకి లేచాయి, వీపు మంచుకు తగిలింది, పైకప్పు దీపాలన్నీ గిర్రున తిరిగాయి.

అవతలి గట్టు నుంచి కోచ్ గొంతు, నవ్వు ఆపుకోలేక, షెడ్డంతా వినపడేట్టు వచ్చింది. "బూటా? కాలా?"

పడుకునే, రెండు చేతులూ పైకెత్తి అరిచాను. "కాలే సార్! బూటు ఫస్ట్ క్లాస్!"